‘మరి నా సంగతేంటి?’ అని లెక్కగా అడగడం ఎలా

తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అంటాం. పక్కవాళ్లు తమ పని తాము చూసుకుంటే మాత్రం ఎవరికి వారే యమునా తీరే అని దెప్పుతాం. రెండు సామెతలూ మన నోట్లోనే ఉంటాయి. ఏ పూట ఏది బయటికొస్తుందన్నది ఆ పూట ఖర్చు ఎవరి మీద పడిందో దాన్ని బట్టి ఉంటుంది. అందుకే ‘నేను స్వార్థపరుణ్ణా?’ అని మొదలుపెడితే పని తెమలదు. ఒంట్లో బాగున్న రోజు ‘కాదు’ అనిపిస్తుంది, అలసిపోయిన రోజు ‘అవును’ అనిపిస్తుంది.

దానికి బదులు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో నాకు కావలసింది ఏమిటి? దాని ఖర్చు ఎవరు మోస్తున్నారు? మోస్తున్నట్టు వాళ్లకు తెలుసా? మూడోదే అసలు ప్రశ్న. ఖర్చు మోసేవాళ్లకు తెలిసి, ఒప్పుకుని మోస్తుంటే అది బేరం, అందులో తప్పేమీ లేదు. తెలియకుండా మోయిస్తుంటే అది స్వార్థం. మీరే మోస్తూ ఎదుటివాళ్లకు తెలియనివ్వకపోతే దాన్ని త్యాగం అని పిలుచుకుంటాం గాని, అది రాయని అప్పు. ఏదో ఒక రోజు వడ్డీతో సహా అడిగేస్తాం, అదీ గొడవ మధ్యలో. కింది పద్ధతులన్నీ ఆ దాపరికాన్ని తీయడానికే.

రెండు వారాల పద్దు

ఒక నోట్‌బుక్కు, రోజుకు ఐదు నిమిషాలు, 14 రోజులు. వారం చాలదు. ఆ వారంలో ఎవరికైనా జ్వరం వచ్చినా, చుట్టాలు దిగినా లెక్క ఒక పక్కకు ఒరుగుతుంది. నెల మరీ ఎక్కువ, సగంలోనే విసుగొచ్చి ఊహించి రాయడం మొదలవుతుంది. పేజీకి ఐదు నిలువు గళ్లు గీయండి: పని, చేసినవాళ్లు, పట్టిన నిమిషాలు, అడిగితే చేశారా అడక్కుండా చేశారా, చేశాక లోపల మిగిలిన కినుక (0 నుంచి 10 దాకా అంకె). ఏ రోజుది ఆ రాత్రే రాయాలి. ఆదివారం కూర్చుని వారమంతా గుర్తుచేసుకుంటే మీరు చేసినవే గుర్తొస్తాయి.

ఈ మాట ఊరికే అనడం లేదు. మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే పరిశోధకులు 1979లో ప్రచురించిన అధ్యయనంలో భార్యాభర్తల్ని విడివిడిగా కూర్చోబెట్టి ఇంటి పనుల్లో ఎవరి వాటా ఎంతో అడిగారు. ఇద్దరి వాటాలూ కలిపితే చాలా జంటల్లో నూటికి నూరు దాటింది. గొడవలకు కారణమవడం లాంటి చెడ్డ పనుల్లోనూ ఇదే జరిగింది. అంటే గొప్పలు చెప్పుకోవడం ఒక్కటే కారణం కాదు. మనం చేసింది మన కళ్ల ముందు జరుగుతుంది కాబట్టి తేలిగ్గా గుర్తొస్తుంది, అంతే.

కాబట్టి పద్దు తెరవకముందే ఒక చిన్న పని చేయండి. ఇంట్లో బాధ్యత పంచుకునే ప్రతి ఒక్కరూ చీటీ మీద ‘నా వాటా ఇంత శాతం’ అని రాసి మడిచి పెట్టాలి. 14 రోజుల తర్వాతే విప్పాలి. ఒకరు 70, ఇంకొకరు 55 రాస్తే మొత్తం 125. ఆ పైనున్న 25 ఎవరి అబద్ధమని వెతక్కండి. అది ఒకరు చేస్తుంటే ఇంకొకరికి కనపడని పని ఎంతుందో చెప్పే అంకె.

పద్దు ఎక్కువగా చెడేది కంటికి ఆనని పనుల దగ్గర. ‘అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లడం, 120 నిమిషాలు’ అని రాసి ఊరుకుంటే సగం పని కాగితం మీదికి రాలేదన్నమాట. మాత్రల అట్టలో నాలుగే మిగిలాయని చూసిందెవరు? అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ పట్టుకుని లైన్లో ఆగిందెవరు? పాత రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు తారీఖుల వారీగా కవర్లో సర్దిందెవరు? తిరిగొచ్చాక ఏ మందు ఏ పూటో అట్ట వెనక పెన్నుతో రాసిందెవరు? ఇవి ఒక్కొక్కటీ వేరే వరసలో రావాలి: 2 నిమిషాలు, 15, 10, 5. నిమిషాలు తక్కువే. కాని మరిచిపోకుండా తలలో పెట్టుకు తిరగడం ఒకటుంది చూశారూ, దాని బరువు గడియారానికి అందదు. అలాంటి వరసల పక్కన ఒక చుక్క పెట్టండి. చివర్న నిమిషాలతో పాటు చుక్కల్ని కూడా లెక్కపెట్టాలి.

రెండో ప్రమాదం, పద్దుని ఆయుధం చేసుకోవడం. మార్గరెట్ క్లార్క్, జడ్సన్ మిల్స్ 1979లో చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి తేలింది. దగ్గరితనం కోరుకునే చోట, చేసిన సాయానికి వెంటనే బదులు తీర్చేస్తే ఆ మనిషి మీద ఇష్టం తగ్గింది. లెక్క చూసుకునే సంబంధాల్లో మాత్రం అదే బదులు ఇష్టాన్ని పెంచింది. భార్యాభర్తలూ స్నేహితులూ మొదటి రకం, ఇల్లు అద్దెకిచ్చినవాళ్లూ వ్యాపారంలో భాగస్వాములూ రెండో రకం. కాబట్టి పదిహేనో రోజున పద్దు మూసేయాలి. ఏడాది పొడవునా గోడకు వేలాడే పద్దు ఇంటిని కొట్టు చేసేస్తుంది.

చదివేటప్పుడు మొత్తం నిమిషాల జోలికి ముందే పోకండి. ‘అడక్కుండా చేశాను’ అని ఉండి, కినుక 6 దాటిన వరసల కింద గీత గీయండి. సాధారణంగా మూడు నాలుగు కంటే ఉండవు. వీటిని మానడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరూ అడగలేదు కదా. వాటిలో అన్నిటికంటే చిన్నదాన్ని ఎంచుకుని, ‘వచ్చే సోమవారం నుంచి ఇది నేను చేయను’ అని నాలుగు రోజుల ముందే చెప్పి మానేయండి. చెప్పకుండా మానేసి ‘చూద్దాం, ఎవరికి గుర్తొస్తుందో’ అని కూర్చోవడం పరీక్ష పెట్టడం. ఆ పరీక్షలో అందరూ తప్పుతారు.

అడిగే మాట

అడగందే అమ్మైనా పెట్టదు. ఇది ఎదుటివాళ్ల మీద విసురు అనుకుంటారు గాని, అడగాల్సిన బాధ్యత మనదని కూడా అందులోనే ఉంది. అడిగే వాక్యంలో నాలుగు ఉండాలి: పద్దులోంచి ఒక అంకె, మీకు కావలసింది, ఎదుటివాళ్లు ఎంచుకోవడానికి కనీసం రెండు దారులు, జవాబుకు గడువు. అక్కా తమ్ముళ్లు తల్లి బాగోగులు పంచుకోవాల్సి వచ్చిందనుకుందాం. మామూలుగా ఇలా మొదలవుతుంది:

‘నువ్వెప్పుడూ ఇంతే రా. అమ్మ నా ఒక్కదానికే అమ్మా?’
‘నేనేం చేయట్లేదంటావా? పోయిన నెల రెండ్రోజులు సెలవు పెట్టి రాలేదూ?’

ఇక అక్కణ్నుంచి అది కోర్టు. ‘ఎప్పుడూ’ అన్న మాటని కొట్టేయడానికి తమ్ముడికి ఒక్క ఉదాహరణ చాలు, అది వాడి దగ్గర ఉంది. అక్కకు అసలు కావలసింది ఆదివారాలు ఖాళీగా ఉండటం, వాటి ప్రసక్తే రాలేదు. ఇప్పుడు ఇది చూడండి:

‘ఒరే, ఈ రెండు వారాల్లో అమ్మ పనులకి నాకు 19 గంటలు పట్టింది, నీకు 3. నీకు దూరమని తెలుసు. నాకు ఆదివారాలు ఖాళీగా కావాలి. ఆ రోజు నువ్వొస్తావా, లేకపోతే మనిషిని పెట్టి ఆ డబ్బు నువ్విస్తావా? శుక్రవారంలోగా చెప్పు.’
‘ప్రతి వారం కుదరదక్కా. వారం విడిచి వారం వస్తా. మిగతా వాటికి మనిషిని పెడదాం, డబ్బు నేనిస్తా.’
‘సరే. రాలేకపోతే మాత్రం మూడు రోజుల ముందే చెప్పాలి, ఆ పొద్దున కాదు.’

‘నాకు ఆదివారాలు కావాలి’ దగ్గర ఆమె ఆగిపోయింది, గమనించారా. తలనొప్పి వస్తోందనీ, పిల్లల చదువు పాడవుతోందనీ తోక తగిలించలేదు. సాకు చూపిస్తే ఎదుటివాళ్లు ఆ సాకుకు విరుగుడు చెబుతారు. ‘మాత్ర వేసుకో అక్కా’ అంటే దానికి జవాబుండదు. కావాలి అన్నదాన్ని కావాలి అనే చెప్పాలి. చివరి వాక్యం కూడా ముఖ్యం. ఒప్పందం తప్పితే ఏం చేయాలో ఒప్పందంలోనే రాసుకున్నట్టయింది.

అడగడానికి వెళ్లేముందు, వాళ్లు కాదంటే మీరేం చేస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. ‘కాదంటే ఆదివారానికి నేనే మనిషిని పెట్టుకుని, ఆ ఖర్చు అమ్మ డబ్బులోంచి తీస్తాను’ లాంటిది. పైకి చదివి వినిపించక్కర్లేదు, బెదిరింపులా వినపడుతుంది. కాని అది లేకుండా వెళ్తే మీరు చేసేది బతిమాలడమే, బేరం కాదు. గొంతులో ఆ తేడా తెలిసిపోతుంది.

మరీ గట్టిగా లాగినా నష్టమే. 1982లో వెర్నర్ గూత్, అతని సహచరులు ఒక ఆట ఆడించారు. ఇచ్చిన డబ్బుని ఒకరు వాటాలు వేస్తారు, రెండోవారు ఒప్పుకుంటే ఇద్దరికీ వస్తుంది, కాదంటే ఇద్దరికీ సున్న. ఏమీ రాకపోవడం కంటే ఎంతో కొంత నయం కాబట్టి ఎంత తక్కువైనా తీసుకోవాలి, లెక్కప్రకారం. తర్వాత ఎన్నో చోట్ల ఆడించి చూసినా, అయిదో వంతు కంటే తక్కువ చూపిస్తే చాలామంది విదిలించికొట్టారు. అవమానానికి మనుషులు డబ్బు పోగొట్టుకుని మరీ జవాబిస్తారు. పని వాటాల్లోనూ అంతే: వెసులుబాటులో మీకు ఎనభై పాళ్లు, వాళ్లకి ఇరవై వచ్చేలా ప్రతిపాదన పెడుతున్నారంటే ముందు ఆపి మళ్లీ రాయండి.

మాట తప్పినప్పుడు ఏం చేయాలో రాజకీయ శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్ పోటీలు బాగా చెప్పాయి. ఎదుటివాడితో సహకరించాలా, మోసం చేయాలా అని ప్రతి విడతా తేల్చుకునే ప్రోగ్రాములు 1980 ప్రాంతంలో రెండుసార్లు తలపడ్డాయి, మొదట 14, తర్వాత 62. రెండుసార్లూ గెలిచింది అనటోల్ రాపోపోర్ట్ పంపిన అతి చిన్న ప్రోగ్రామే. మొదట సహకరిస్తుంది, ఆ తర్వాత ఎదుటివాడు పోయినసారి ఏం చేశాడో అదే చేస్తుంది, అంతే. దాని బలహీనత కూడా తెలిసిందే: ఒక్క పొరపాటుని మోసం అనుకుంటే చాలు, ఇద్దరూ ఒకరికొకరు తిరిగి ఇచ్చుకుంటూనే ఉండిపోతారు. ఇంట్లో పొరపాట్లే ఎక్కువ. కాబట్టి మొదటిసారి తప్పినప్పుడు ఏం జరిగిందో అడగండి, రెండోసారి తప్పితే మీ వైపు మాట కూడా అంతే మేరకు వెనక్కి తీసుకోండి, సరిదిద్దుకున్న రోజునే పాత లెక్క కొట్టేయండి. బదులు ఆ వారంలోనే ఉండాలి. మూడు నెలల తర్వాత చేసే అలక దేనికో ఎవరికీ అర్థం కాదు.

మనసు సంగతి

‘నిన్ను నువ్వు చూసుకో, మిగతావాళ్లని వదిలెయ్’ అనే సలహా ఈమధ్య తెగ తిరుగుతోంది. సగమే నిజం. మనస్తత్వ శాస్త్రవేత్త విక్కీ హెల్గెసన్ పరిశోధనలు ఇతరుల్ని పట్టించుకునే గుణాన్నీ, తనని తాను పూర్తిగా మరిచి ఇతరుల్లో మునిగిపోవడాన్నీ వేరుచేసి చూపించాయి. మానసిక వేదనతో ముడిపడి కనపడింది రెండోదే. కాబట్టి మానుకోవాల్సింది పట్టించుకోవడాన్ని కాదు, మరిచిపోవడాన్ని.

దాన్ని కొలవడానికి నాలుగు చాలు: నిద్ర, వేళకి తిండి, మీ సొంత వైద్యం (వాయిదా వేస్తూ వస్తున్న పంటి నొప్పి కూడా ఇందులోకే వస్తుంది), ఏ పనీ లేకుండా ఒక స్నేహితుడితో మాట. ఈ నాలుగులో రెండు వరసగా రెండు వారాలు జారిపోతే, కొత్తగా ఏదీ ఒప్పుకోకండి. ఉన్నవాటిలో ఒకటి తగ్గించండి. ‘అవును’ అనడానికి ముందు ఒక రాత్రి గడువు అడగడం అలవాటు చేసుకుంటే ఇందులో సగం తీరుతుంది. ‘రేపు పొద్దున చెప్తాను’ అన్న మాటకి ఎవరూ నొచ్చుకోరు.

హద్దులు పెట్టుకోవడం గురించి ఒక్క సంగతి సరిగ్గా అర్థమైతే చాలు: హద్దు అంటే మీరేం చేస్తారో చెప్పే మాట, ఎదుటివాళ్లేం చేయాలో శాసించేది కాదు. ‘నువ్వు నా మీద అరవకూడదు’ అన్నది ఆజ్ఞ. వాళ్లు అరిస్తే మీ చేతిలో ఏమీ ఉండదు. ‘అరిస్తే నేను లేచి వెళ్తాను, అరగంట తర్వాత వచ్చి మాట్లాడతాను’ అన్నది హద్దు. అమలు చేసేది మీరే. అరగంట అని చెప్పి మూడు రోజులు మాట మానేస్తే అది శిక్ష అయిపోతుంది. ఇంకా చెడ్డది, చెప్పి లేవకపోవడం. మూడోసారి నుంచి ఆ మాటని ఎవరూ వినరు. నచ్చని ప్రతి మనిషికీ ‘టాక్సిక్’ అని పేరు పెట్టి నంబరు బ్లాక్ చేయడం హద్దు కాదు. అడగాల్సిన కష్టాన్ని తప్పించుకోవడం. అయితే చేయి చేసుకోవడం, బెదిరించడం, డబ్బు లాక్కుని గుప్పిట్లో పెట్టుకోవడం ఉన్నచోట ఈ వ్యాసంలోని పద్దూ బేరమూ ఏదీ పనికిరావు. అక్కడ ముందు భద్రత చూసుకోవాలి, నమ్మకమైన మనిషికి చెప్పాలి, బయటపడే దారి వెతుక్కోవాలి.

కాదని చెప్పాక లోపల గుచ్చుతుంది. గుచ్చడం తప్పు చేసినదానికి రుజువు కాదు, అలవాటు తప్పినదానికి గుర్తు. ఆ గుచ్చుకునే వేళలో ఫోన్ చేసి మాట మార్చకండి. రెండు రోజులు ఆగి, మొదటి మూడు ప్రశ్నలూ మళ్లీ వేసుకుని, ఖర్చు నిజంగానే తెలియనివాళ్ల మీద పడిందనిపిస్తే అప్పుడు మార్చండి.

ఇవ్వడం మానేస్తే మనసు తేలికపడుతుందన్న లెక్క కూడా తప్పే. ఎలిజబెత్ డన్, లారా అక్నిన్, మైకేల్ నార్టన్ 2008లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి పొద్దున్నే 5 లేదా 20 డాలర్లిచ్చి, సాయంత్రంలోగా సగంమందిని తమ మీద, మిగతా సగంమందిని ఇతరుల మీద ఖర్చుపెట్టమన్నారు. ఇతరుల మీద పెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా కనపడ్డారు, మొత్తం ఎంతన్నది తేడా తేలేదు. తర్వాత నెట్టా వైన్‌స్టీన్, రిచర్డ్ రయాన్ చూపించింది ఇంకా ఉపయోగకరం: తన ఇష్టంతో చేసిన సాయమే చేసినవాళ్లకి మేలు చేస్తుంది, ఒత్తిడి మీద చేసింది కాదు. పద్దులో ‘అడిగారా, అడక్కుండానా’ పక్కన కినుక అంకె రాయమన్నది ఇందుకే. కినుక 0 లేదా 1 ఉన్న వరసల్ని తగ్గించకండి, వీలైతే పెంచండి.

ఒక హెచ్చరిక. దిగులు, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం రోజులో ఎక్కువసేపు, రెండు వారాలకు పైగా ఉంటే పద్దు రాయకండి. కుంగుబాటులో ఉన్నప్పుడు ‘నేను అందరికీ భారం’ అనిపిస్తుంది, ఆ కళ్లతో రాసిన ప్రతి అంకే అబద్ధం చెబుతుంది. డాక్టర్ని కలవండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే రేపటిదాకా ఆగకుండా ఈ రోజే ఒక మనిషికి నోటితో చెప్పండి.

ఓటు దగ్గర, సంఘం దగ్గర

రాజకీయాల్లో మనం చేసే పెద్ద తప్పు మన స్వార్థం కాదు, ఎదుటివాళ్లది ఎక్కువగా ఊహించుకోవడం. డేల్ మిల్లర్, రెబెకా రాట్నర్ 1998లో ఒక ప్రశ్న వేశారు: రక్తదానానికి డబ్బిస్తే ఎంతమంది ముందుకొస్తారు? జనం దాదాపు రెట్టింపవుతారని ఊహించారు. నిజంగా అడిగితే పెరిగింది కొద్దిమందే. డేవిడ్ సియర్స్ బృందం 1980లో అమెరికా ఓటర్ల మీద చేసిన అధ్యయనంలోనూ సొంత లాభనష్టాల కంటే ముందునుంచీ ఉన్న రాజకీయ నమ్మకాలే అభిప్రాయాల్ని ఎక్కువగా నడిపించాయి. ‘వాడికి దక్కుతోంది కాబట్టి ఓటేశాడు’ అని తేల్చేముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

ఏ పథకం గురించైనా, ఏ హామీ గురించైనా తేల్చుకోవాలంటే ఒక తెల్లకాగితం తీసుకోండి. ఏడాదికి నాకొచ్చేది ఎంత, నాకు పోయేది ఎంత, మిగతాది ఎవరు కడతారు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఆ లెక్క ఎవరు తనిఖీ చేస్తారు. జవాబు దొరకని గడి ఖాళీగా వదలండి. ఖాళీలు మూడు దాటితే మీ దగ్గరున్నది అభిప్రాయం కాదు, అభిమానం. తర్వాత అదే కాగితం మీద పార్టీ పేరు మార్చి చదవండి. మీ పార్టీ పేరుతో ‘సంక్షేమం’ అనిపించింది ఎదుటి పార్టీ పేరుతో ‘తాయిలం’ అనిపిస్తే, ఎక్కడ జారారో తెలిసిపోతుంది.

ఆ పైన చీటీల ఆట. తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో చెప్పిన ఆలోచన ఒకటుంది: సమాజంలో మన స్థానం ఏదో తెలియనట్టు తెర వెనక నిలబడి నియమాలు ఎంచుకోవాలని. తలలో చేయబోతే ఇది కుదరదు, మన స్థానం మనకి తెలుసు కదా. ఆరు చీటీలు రాయండి: పోయిన నెల ఉద్యోగం పోయినవాడు, మంచానపడ్డ ముసలామె, ఇద్దరు పనివాళ్లున్న చిన్న దుకాణం యజమాని, ఇప్పుడే పుట్టిన పాప, చదువు మధ్యలో ఆగిపోయిన అమ్మాయి, ఎక్కువ పన్ను కట్టే మనిషి. ఒకటి తీసి, ఆ మనిషిగా కాగితం మళ్లీ చదవండి. మూడు చీటీలైనా తీయాలి. చీటీలు రాసేటప్పుడే మోసం జరుగుతుంది: ఆరూ మనలాంటివాళ్లవే రాసుకుంటాం. అందుకని మీతో రాజకీయంగా పడని ఒకరిచేత రెండు చీటీలు రాయించండి.

సంఘంలోకొచ్చేసరికి సమస్య వేరు. అందరికీ దక్కే లాభం కోసం పెద్ద గుంపులో ప్రతివాడూ పక్కవాడు చేస్తాడులే అని కూర్చుంటాడని ఆర్థికవేత్త మాన్సర్ ఓల్సన్ 1965లోనే వివరించాడు. వంద మంది సంఘంలో ‘అందరం కలిసి’ అంటే ఎవరూ కాదు. ఎనిమిదేసి మంది జట్లుగా విడదీయండి, ప్రతి పనికీ ఒక పేరూ ఒక తేదీ రాసి అందరికీ కనపడేచోట పెట్టండి. ఉమ్మడి నీరు, చేపలు, అడవి లాంటివి జనం తమంతట తాము ఎలా కాపాడుకున్నారో దశాబ్దాలపాటు అధ్యయనం చేసి 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ చెప్పిన షరతుల్లో కొన్ని ఏ చిన్న సంఘానికైనా సరిపోతాయి: సభ్యులెవరో స్పష్టంగా ఉండాలి, నియమాలు వాటిని పాటించేవాళ్లే పెట్టుకోవాలి, నియమాలు పాటిస్తున్నారో లేదో కనిపెట్టి చూసేవాళ్లు సభ్యులకే జవాబుదారీగా ఉండాలి, తగవు తీర్చుకునే చోటు దగ్గర్లో, ఖర్చు లేకుండా ఉండాలి, శిక్ష చిన్నదానితో మొదలై మెట్టుమెట్టుగా పెరగాలి. చాలా సంఘాలు ఈ చివరిదాని దగ్గరే కూలతాయి. మొదటి తప్పుకే సభ్యత్వం తీసేస్తామని రాసుకుంటారు. అంత పెద్ద శిక్ష వేయడానికి ఎవరికీ మనసొప్పదు, కాబట్టి ఏ శిక్షా పడదు. చూసీచూడనట్టు వదిలేయడం మొదలవగానే నియమంగా నడుచుకునేవాళ్లు కూడా మానేస్తారు. మొదటిసారికి ఒక ఫోన్, రెండోసారికి సమావేశంలో పేరు చదవడం, మూడోసారికి చిన్న జరిమానా, ఇలా రాసుకోండి.

తప్పుకోవాలనుకునేవాళ్లకీ దారి రాసిపెట్టాలి. ఒక నెల ముందు నోటీసు, చేతిలో ఉన్న పనుల జాబితా, తాళాలూ పాస్‌వర్డులూ ఎవరికి అప్పగిస్తున్నారో ఒక సంతకం. కారణం అడగొద్దు. కారణం చెప్పాల్సి వస్తుందన్న భయంతోనే చాలామంది చెప్పకుండా రావడం మానేస్తారు, అప్పుడు బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే ఇంకో నెల పడుతుంది.